రాజుగారి పెదవి కదిలితే

తలుపుకి తాళం మార్చేశారు.

ఒటీలియ తన చేతిలోని తాళంచెవిని ఇంకోసారి తిప్పి చూసింది. తిరగలేదు. నిన్న మధ్యాహ్నం వరకూ ఈ చెవితోనే తండ్రి గదిలోకి వెళ్ళి వచ్చింది. తలుపుకి అవతల, గొంతులో అమర్చిన వెండి గొట్టం లోంచి వచ్చే ఊపిరి సన్నగా ఈలలా వినిపిస్తోంది. అంటే ఆయన మేలుకునే ఉన్నారు.

“నాన్నగారూ! నేను!”

లోపల చేతికర్ర నేలమీద టకటకా కొట్టుకుంది. అది పిలుపు కాదు, కోపం. ఆ కర్ర చప్పుళ్ళలో ఏది దాహమో, ఏది విసుగో, ఏది కోపమో ఆమెకి తెలుసు.

తలుపు పక్కన నిలబడ్డ సైనికుడు గొంతు సవరించుకున్నాడు. “క్షమించండి రాకుమారీ. యువరాజుగారి ఆజ్ఞ.”

“రాజుగారి గుమ్మంలో యువరాజు ఆజ్ఞ ఎప్పట్నించి చెల్లుతోందయ్యా?”

“నిన్న సాయంత్రం నుంచండీ” అన్నాడు వాడు పాపం, నిజంగానే అడిగిందనుకొని.

ఒటీలియ వెనక్కి తిరిగింది. నలభై ఏడేళ్ళ మనిషి, పొడుగాటి నడవా అంతా పరుగులాంటి నడకతో దాటి, భోజనాల గది తలుపు భుజంతో తోసుకుని లోపలికి వచ్చింది.

వోల్ఫ్రాం రై రొట్టె మీద వెన్న రాసుకుంటున్నాడు. ఎదురుగా అతని భార్య హెడ్విగ ఆపిల్ పండు తొక్క తీస్తోంది. ఎక్కడా తెగకుండా పొడుగ్గా తీయడం ఆమెకి అలవాటు.

“తాళంచెవి ఇలా ఇవ్వు అన్నయ్యా.”

“కూర్చో. రొట్టె వేడిగా ఉంది.”

“తాళంచెవి.”

“పదకొండింటికి మంత్రులంతా వస్తున్నారు. అందాకా నువ్వు నాన్నగారి దగ్గరికి వెళ్ళడానికి వీల్లేదు. వెళ్తే ఏం చెప్పాలో మళ్ళీ నూరిపోసి వస్తావు.”

“నేనా? ఆయనకా?” ఒటీలియ నవ్వింది. “నువ్వు పుట్టకముందు నుంచీ ఆయనకి ఎవరూ ఏదీ నూరిపోయలేకపోయారు. అందుకేగా నీకు ఆయనంటే అంత మంట!”

వోల్ఫ్రాం కత్తి పక్కన పెట్టాడు. “సిల్బర్టాల్‌లో గని కార్మికులు పని మానేసి మూడు వారాలైంది. నిన్న గని మేనేజరు ఇల్లు తగలబెట్టారు. సైన్యాన్ని పంపి కాల్పులు జరపండని మంత్రులు నెత్తీనోరూ కొట్టుకుంటున్నారు. రాజుగారు వద్దన్నారట! ఎవరు చెప్పారు? ఒటీలియ చెప్పింది. రాజుగారు మేనేజరునే ఉద్యోగంలోంచి తీసెయ్యమన్నారట! ఎవరు చెప్పారు? ఒటీలియే చెప్పింది. ఈ దేశాన్ని ఏలేది ఎవరమ్మా?”

“నాన్నగారు.”

“ఆయన గొంతు విన్నవాళ్ళు ఎవరున్నారు?”

ఆ మాట నిజమే. రాజుగారి పేరు తాసిలో. ఆయన గొంతు విన్నవాళ్ళు మా హాల్టెన్‌మార్కు రాజ్యంలో ఇప్పుడు పెద్దవాళ్ళు మాత్రమే. ఆయన సింహాసనం ఎక్కేనాటికే గొంతులో పుండు ముదిరింది. మూడు రాజధానుల నుంచి వచ్చిన వైద్యులు వచ్చే వసంతంలో కోకిల కూత ఆయన వినరని తేల్చేశారు. కొట్లలో సంతాపపు నల్లగుడ్డ నిండుకుంది. పెద్ద చర్చిలో సమాధి రాయి మీద పేరుతోపాటు సంవత్సరం కూడా చెక్కించేశారు. గొంతు కోసి గొట్టం పెట్టారు. మాట పోయింది. మనిషి మాత్రం పోలేదు. ఆ వసంతం వచ్చింది, ఆ తర్వాత ఇంకో ఇరవై వసంతాలు వచ్చాయి. సమాధి రాయి మీద సంవత్సరాన్ని ఉలితో గీకేయవలసి వచ్చింది. ఆ వైద్యుల్లో ఇద్దరు ఆయనకన్నా ముందే పోయారు. ‘రాజుగారి చావులాగే’ అంటారు మావాళ్ళు, ఎవరైనా ఎగ్గొట్టే మాటిస్తే.

మొదట్లో ఆయన పలకమీద రాసి చూపేవారు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేతి వేలు అక్షరాల మీద నిలవదు. తల అస్తమానం అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది కనుక అవునో కాదో కూడా తెలియదు. మిగిలింది పెదవులు. ఆ పెదవుల కదలిక పోల్చుకోగలిగింది ఒటీలియ ఒక్కతే.

“ఈ ఇంట్లో ఎవరైనా నేర్చుకోవచ్చు” అంది ఒటీలియ. “ఆయన ఎదురుగా ఓపిగ్గా కూర్చుంటే చాలు. నీకు తీరిక లేదు. పట్టాభిషేకం కోటు కొలతలు ఇచ్చుకోవడానికే సరిపోయింది. రెండుసార్లు వదులు చేయించావటగా! లోపల మడత గుడ్డ ఇక మిగల్లేదని దర్జీ వాపోతున్నాడు.”

వోల్ఫ్రాం మొహం ఎర్రబడింది. కానీ అరవలేదు.

“నవ్వు. యాభై ఏళ్ళ యువరాజుని చూసి బజార్లో పిల్లలే నవ్వుతారు. ఒక్కటి మాత్రం చెప్తా విను. ఈ రెండేళ్ళుగా నాన్నతో నేను మాట్లాడాలంటే నీతో మాట్లాడాలి. ఆయన నన్ను తిట్టినా నీ నోటితోనే తిట్టాడు. మెచ్చుకున్నాడో లేదో నాకు తెలీదు. నీ నోటి వెంట ఎప్పుడూ రాలేదు.”

హెడ్విగ చేతిలో ఆపిల్ తొక్క తెగి పళ్ళెంలో పడింది.

“ఆడబిడ్డ అర్ధమొగుడంటారు” అంది హెడ్విగ, చాకు తుడుచుకుంటూ. “మా ఇంట్లో ఆడబిడ్డ అర్ధరాజు.”

“నువ్వూనా వదినా?”

“నేను ఎవరి వైపూ మాట్లాడలేదు అమ్మాయ్. ఉన్నమాట అన్నాను.”

“ఇవాళ మంత్రులు తేలుస్తారు” అన్నాడు వోల్ఫ్రాం లేస్తూ. “రాజుగారి మనసులో ఏముందో తెలుసుకునే దారి లేదని తేలితే, రాజప్రతినిధిగా సంతకం నాది. హెడ్విగా, నువ్వెళ్ళి నాన్నగారి దగ్గర కూర్చో. కొత్త నర్సు గంజి తాగించలేక అవస్థ పడుతోందట.”

*

గంజి గిన్నె గోడ పక్కన బోర్లా పడి ఉంది. నర్సు మోకాళ్ళమీద కూర్చుని తివాచీ తుడుస్తోంది.

“పొద్దుట్నించీ ఇదే వరసండీ” అంది ఏడుపు గొంతుతో. “ఏదో అంటున్నారు. దాహమా అంటే నీళ్ళిచ్చాను, ఉమ్మేశారు. కిటికీ తియ్యమంటున్నారేమోనని తీశాను, కర్రెత్తారు. మళ్ళీ మూశాను, మళ్ళీ ఎత్తారు.”

“నువ్వెళ్ళి వేడి నీళ్ళు తెచ్చుకో. నేనుంటాను” అంది హెడ్విగ.

తాసిలో మహారాజు పెద్ద కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళ దేహం ఎండుకొమ్మలా ఉంది. కళ్ళు మాత్రం నిప్పులు. మెడ చుట్టూ కట్టిన పల్చటి గుడ్డ ఊపిరికి ఎగిరి పడుతోంది. కోడలిని చూసి ఆయన పెదవులు విసురుగా కదిపారు. ఆమెకి అర్థమవుతుందని కాదు, కోపం ఆపుకోలేక.

హెడ్విగ పక్కున నవ్వింది.

నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కానీ ఆలస్యమైపోయింది.

రాజుగారి పెదవులు ఆగిపోయాయి. తల ఊగుతూనే ఉంది. కళ్ళు ఆమె మొహం మీద కదలకుండా నిలిచాయి. తర్వాత చాలా నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి, మళ్ళీ పెదవులు కదిపారు.

‘నేనేమన్నాను?’

హెడ్విగ తలుపు వైపు ఒకసారి చూసింది. కుర్చీ లాక్కుని ఆయన ఎదుట కూర్చుంది.

“ఆ నర్సు గంజి కాస్తే పందులు కూడా అలకపూని గుడిసె వదిలిపోతాయి అన్నారు మామయ్యగారూ.”

గొట్టం ఈల కాస్త వేగం పుంజుకుంది.

‘ఎప్పట్నించి?’

“పద్దెనిమిదేళ్ళుగా భోజనాల దగ్గర మీ ఎదురు కుర్చీ నాదే. మా ఆయన పేపరు చదువుకుంటారు. ఒటీలియ మీ పళ్ళెంలో మాంసం ముక్కలు కోస్తూ ఉంటుంది. నాకు చూడ్డానికి మీ మొహం తప్ప ఏముంది?”

‘మరి చెప్పలేదేం?’

“ఎవరడిగారు?”

రాజుగారి భుజాలు కదిలాయి. ఆయన నవ్వు అలాగే ఉంటుంది, చప్పుడు లేకుండా.

‘నీ మొగుడు ఏం చెయ్యబోతున్నాడు?’

ఆమె దాచలేదు. మంత్రుల సంగతి, సంతకం సంగతి చెప్పింది. ఆయన వింటూ వింటూ ఎడమచేత్తో కర్ర బిగించి పట్టుకున్నారు.

‘ఒటీలియ ఉందిగా. నేనన్నది చెబుతుంది.’

హెడ్విగ ఒడిలో చేతులు చూసుకుంటూ కూర్చుంది. ఆయన కర్రతో నేలమీద మెల్లగా కొట్టారు.

“మీరన్నదంతా చెప్పదు మామయ్యగారూ” అంది చివరికి. “కోపాలూ ఆజ్ఞలూ అన్నీ చెబుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ పోయిన ఈస్టరు విందులో మీరు ఒకమాటన్నారు. మీ అబ్బాయి అటు చివర లేచి వెళ్ళిపోబోతున్నారు. ‘వోల్ఫ్రాంని ఉండమను, తోటలో వాడితో కాసేపు కూర్చోవాలనుంది’ అన్నారు. ఒటీలియ లేచి ఆయన దగ్గరికి వెళ్ళింది.”

‘అవును. వాడు వినిపించుకోకుండా వెళ్ళిపోయాడు.’

“ఆ రాత్రి ఆయన నాతో అన్నారు, ‘నాన్నకి అలసటగా ఉందట, నన్ను వెళ్ళిపొమ్మన్నారట’ అని.”

రాజుగారి కింది పెదవి వణికింది. అది మాట కాదు.

‘నువ్వు వాడికి చెప్పలేదు.’

“లేదు. చెబితే అన్నాచెల్లెళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు. చెప్పకపోయినా చూసుకోవడం లేదు, అది వేరే సంగతి. పిరికితనమే అనుకోండి.”

నర్సు వేడినీళ్ళతో తిరిగొచ్చింది. రాజుగారు కళ్ళు మూసుకున్నారు.

*

సభ గదిలో పొయ్యి ఎంత మండినా చలి వదలలేదు. రాజుగారిని కుర్చీతో లోపలిదాకా మోసుకొస్తామంటే ఆయన కర్రెత్తారు. తలుపు దగ్గర కుర్చీ దింపించి, అక్కణ్ణించి బల్ల దాకా ఎడమకాలు ముందుకేసి, కుడికాలు ఈడ్చుకుంటూ తానే నడిచి వచ్చారు. మంత్రులు లేచి నిలబడి ఊపిరి బిగబట్టి చూశారు. ఎవరూ చెయ్యి అందించడానికి సాహసించలేదు.

ఒటీలియ ఆయన పక్కకి పరుగెత్తుకొచ్చి మెడగుడ్డ సర్దింది. “గొట్టం ఎవరు తుడిచారు? సరిగా తుడవలేదు” అంది ఎవరినో తిడుతున్నట్టు. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

ప్రధాని రైడెల్ బొద్దుగా, బట్టతలతో, అందరికీ అనుకూలంగా ఉండాలనుకుని ఎవరికీ కాకుండా పోయే మనిషి. “ప్రభూ, తమరు మన్నించాలి. తమ మాట తమదేనని తేలితే మాకంతకన్నా కావలసింది లేదు. నేను మొట్టమొదటిసారి తమ దగ్గరికి వచ్చినప్పుడు గదిలో మనమిద్దరమే ఉన్నాం. తమరు అప్పుడు పలకమీద నాకేం రాశారో చెప్పగలరా?”

రాజుగారి పెదవులు కదిలాయి. ఒటీలియ చూసి, తటపటాయించింది.

“చెప్పండి రాకుమారీ.”

“‘మీ నాన్న మంచి పందుల వ్యాపారి. మనుషులతో నువ్వెలా బేరమాడతావో చూద్దాం’ అని రాశారట.”

బల్ల చివర ఎవరో దగ్గినట్టు నవ్వు ఆపుకున్నారు. రైడెల్ బట్టతల దాకా ఎర్రబడ్డాడు. “అక్షరం పొల్లుపోలేదు” అన్నాడు మెల్లగా.

“ఎప్పుడో విని ఉంటుంది!” వోల్ఫ్రాం ముందుకొచ్చాడు. “పోనీ, ఆమెకి తెలుస్తుందనే అనుకుందాం. తెలిసింది తెలిసినట్టు చెబుతోందని ఎవరు పూచీ? ఒక్క సాక్షి ఉన్నాడా? ఈ రాజ్యంలో ఇంకొక్క మనిషి?”

“ఉంది” అంది హెడ్విగ.

ఆమె గోడవార కుర్చీలోంచి లేచింది. ఆడవాళ్ళు ఆ గదిలో మాట్లాడే ఆచారం లేదు. ఒటీలియ మాట్లాడినా అది రాజుగారి మాట కింద లెక్క.

“నాకూ తెలుస్తుంది. కావాలంటే మీరూ పరీక్షించుకోండి ప్రధానిగారూ. కానీ తొందరగా కానివ్వండి, మామయ్యగారు పొద్దుట్నించీ ఏమీ తినలేదు.”

వోల్ఫ్రాం భార్యను చూసిన చూపులో ముందు ఆశ్చర్యం, తర్వాత సంతోషం కనిపించాయి. తన మనిషి! ఒటీలియ మొహం మాత్రం పాలిపోయింది.

రైడెల్ ఆవిడని కిటికీ వైపు తిరిగి నిలబడమని, రాజుగారి చెవిలో ఏదో అడిగి, మళ్ళీ ఇటు తిరగమన్నాడు. రాజుగారు పెదవులు కదిపారు. “మా అత్తగారి కుక్కపేరు అడిగినట్టున్నారు. పిప్పిన్. ఒంటికన్ను కుక్క” అంది హెడ్విగ. రైడెల్ తల పంకించాడు.

“అయితే ఇక అసలు సంగతి. ప్రభూ, సిల్బర్టాల్‌లో సైన్యం కాల్పులు జరపడానికి తమ అనుమతి ఉందా?”

రాజుగారు బల్ల అంచు పట్టుకుని లేచి నిలబడ్డారు. అందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూశారు. ఆ తర్వాత మాట్లాడారు. చాలాసేపు మాట్లాడారు. చప్పుడు లేని ఆ మాటల ముందు మగవాళ్ళంతా తలలు దించుకున్నారు.

“‘లేదు’ అంటున్నారు” అంది ఒటీలియ. గొంతు స్పష్టంగా, ధైర్యంగా ఉంది. “‘నేను చస్తానని ఇరవయ్యొక్కేళ్ళ కిందటే మీరంతా నల్లబట్టలు కుట్టించుకున్నారు. ఆ బట్టలు చిరిగిపోయాయి, నేనింకా ఉన్నాను. నా ఊపిరి ఉన్నంతకాలం నా తుపాకీ నా జనం మీద పేలదు. సొరంగాలు కూలుతున్నాయని వాళ్ళు మొత్తుకుంటే నాకు చేరనివ్వని మేనేజరును ముందు తీసెయ్యండి.’ అంతే.”

రాజుగారి కర్ర నేలమీద ఠంగుమని మోగింది.

“నిజమే” అంది హెడ్విగ. “ఆయన అన్నది అదే, ఒక్క మాట కూడా మారలేదు. కానీ అంతే కాదు.”

ఆమె ఆడబిడ్డ వైపు తిరిగింది.

“మిగతాది చెప్పు ఒటీలియా.”

“మిగతాది ఏముంది?”

“చెప్పు అమ్మాయ్. నేను చెబితే నీకు బాగోదు.”

ఒటీలియ తండ్రి వైపు చూసింది. ఆయన ఆమె వైపే చూస్తున్నారు. ఆ చూపులో కోపం లేదు. అదే ఆమెకి భరించరానిదైంది.

“నేను చెప్పను” అంది. “చచ్చినా చెప్పను. ఈ చలిలో... గొట్టం మీద మంచుగాలి ఒక్కసారి తగిలితే చాలు... నేను చెప్పను వదినా!”

హెడ్విగ భర్త వైపు తిరిగింది.

“‘సిల్బర్టాల్‌కి నేనే వెళ్తాను, ఇవాళే’ అన్నారు. ‘వోల్ఫ్రాం నన్ను తీసుకెళ్తాడు. వాడే తీసుకెళ్ళాలి’ అన్నారు.”

“నేనా?” అన్నాడు వోల్ఫ్రాం.

“మీరే. పోయిన ఈస్టరుకి కూడా మీరే కావాలన్నారు. తోటలో కూర్చోవాలని. అలసటగా ఉందని ఆయన అనలేదు.”

వోల్ఫ్రాం చెల్లెలి వైపు తిరిగాడు. ఒటీలియ తల దించుకోలేదు.

“అవును, చెప్పలేదు!” అంది. “ఏం చెప్పమంటావ్? ఆ ముందు రోజే నువ్వు క్లబ్బులో ‘ముసలాడు ఇంకెన్నాళ్ళు ఈల వేస్తాడు’ అన్నావు. ఊరంతా పాకింది. అలాంటివాడి పక్కన ఆయన్ని కూర్చోబెడతానా? నేను బతికించుకున్నాను ఆయన్ని. మీరెవరూ కాదు, నేను! పెళ్ళి లేదు, ఇల్లు లేదు, రోజూ ఆ గొట్టం తుడిచింది నేను. ఒక్క పూట దాచుకుంటే తప్పా?”

మంత్రులు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు, అక్కడ లేనట్టు.

వోల్ఫ్రాం తండ్రి వైపు చూశాడు. అతని మొహంలో ఇంకేదో ఉంది. అది సిగ్గొక్కటే కాదు.

“వెళ్ళొద్దు నాన్నగారూ” అన్నాడు. “చెల్లి చెప్పింది నిజమే. ఈ చలిలో వద్దు.”

అన్నాచెల్లెళ్ళు ఒక్కమాట మీద నిలబడడం ఆ గదిలో ఎవరికీ గుర్తున్నంతలో అదే మొదటిసారి. రాజుగారి భుజాలు నవ్వుతో కదిలాయి. ఆయన పెదవులు చిన్నగా కదిపారు.

“‘ఇద్దరూ కలిశారు, నాకింకేం కావాలి, బండి కట్టించండి’ అంటున్నారు” అంది హెడ్విగ.

“చట్టప్రకారం...” అని ప్రధాని రైడెల్ నసిగాడు. “రాజుగారు తన రాజ్యంలో ఎక్కడికైనా వెళ్ళవచ్చు. ఎవరూ ఆపలేరు.”

*

రాజభవనం వాకిట్లో మోకాలి లోతు మంచు పారలతో ఎత్తిపోసి, బండి తెచ్చి నిలిపారు. చక్రాలు తీసేసి కింద జారుకర్రలు బిగించిన మూత బండి. రాజుగారిని ఎలుగుబంటి తోలులో చుట్టి వోల్ఫ్రాం చేతులతో ఎత్తి లోపల కూర్చోబెట్టాడు. తండ్రి ఇంత తేలికగా ఉంటారని అతను అనుకోలేదు.

మెట్లమీద హెడ్విగ నిలబడింది.

“నువ్వూ రా” అన్నాడు వోల్ఫ్రాం. “ఆయన ఏమంటున్నారో నాకెలా తెలుస్తుంది?”

“నేను రాను. ఇక్కడ మంత్రులు మళ్ళీ మనసు మార్చుకోకుండా ఒకరు కాపలా ఉండాలి. మీరే చూడండి.”

“నాకు రాదే!”

“నాకు మాత్రం ఎవరు నేర్పారు?”

అప్పుడే ఒటీలియ వచ్చింది. తలకి శాలువా, చేతిలో గొట్టం తుడిచే చిన్న కుంచెల సంచి. ఎవరినీ అడగకుండా, ఎవరి వైపూ చూడకుండా బండెక్కి తండ్రి పక్కన కూర్చుంది.

“నిన్ను రమ్మన్నారా?” అన్నాడు వోల్ఫ్రాం.

“లేదు. గొట్టం నీకు తుడవడం వచ్చా? రాదు. అందుకొచ్చాను. మాట్లాడడానికి రాలేదు. నేను చెబితే అన్నీ దాచుకుంటానుగా! దారిపొడుగునా నోరు విప్పను. మీరూ మీరూ మాట్లాడుకోండి.”

రాజుగారు కూతురి చేతి మీద తన ఎడమచెయ్యి వేశారు. ఆమె తీసెయ్యలేదు. మొహం మాత్రం కిటికీ వైపు తిప్పుకుంది.

బండి ఊరు దాటుతుంటే జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి టోపీలు తీశారు. ఎవరో ముసలావిడ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. “రాజుగారే! నిజంగా రాజుగారే!” అని ఎవరో అరిచారు. ఆయన కిటికీ అద్దం దాకా వంగి చూస్తూ ఉన్నారు. తర్వాత వెనక్కి వాలి కొడుకు వైపు చూసి పెదవులు కదిపారు.

వోల్ఫ్రాం చెల్లెలి వైపు చూశాడు. “ఏమంటున్నారు?”

ఒటీలియ కిటికీలోంచి మంచు చూస్తోంది.

“ఒటీలియా!”

అతను తండ్రికి ఎదురుగా వంగి కూర్చున్నాడు. ఆ మొహాన్ని అంత దగ్గరగా చూసి ఎన్నేళ్ళయిందో. గడ్డం కింద కొత్త నర్సు గీకిన గాటు. ఎండి పగిలిన పెదవులు.

“మళ్ళీ చెప్పండి నాన్నగారూ.”

రాజుగారు మళ్ళీ చెప్పారు. వోల్ఫ్రాం తల అడ్డంగా ఊపాడు. ఆయన ఇంకోసారి చెప్పారు. విసుక్కోలేదు.

“ఎందుకు...” అన్నాడు వోల్ఫ్రాం, చదువు నేర్చుకునే పిల్లవాడిలా. “ఎందుకు... భయ... ఎందుకు భయపడుతున్నావు?”

ఒటీలియ భుజాలు కదిలాయి. కానీ ఇటు తిరగలేదు.

వోల్ఫ్రాం చేతితొడుగులు పిసుక్కున్నాడు.

“ఏడో పటాలం ఇవాళ తెల్లారే సిల్బర్టాల్‌కి బయల్దేరింది” అన్నాడు. “నేనే పంపాను. సంతకం సాయంత్రానికి వస్తుందని చెప్పాను. మంత్రులు ఒప్పుకుంటారనుకున్నాను నాన్నగారూ. నది దారిలో పోతున్నారు. నేను రౌతును పంపినా కర్నల్ ఆగడు. రాజుగారు స్వయంగా ఎదురొచ్చి చెబితే తప్ప ఎవరి మాటా వినొద్దని వాడికి చెప్పింది నేనే. చెల్లి ఎవరినైనా పంపుతుందేమోనని.”

ఇప్పుడు ఒటీలియ ఇటు తిరిగింది.

బండి ఆగింది. పైనుంచి బండివాడు అరిచాడు: “దొరా! రెండు దార్లొచ్చాయి! నది వెంట పోతే రాత్రికి చేరతాం. కొండమీంచి పోతే ముందే చేరతాం గానీ, పైన గాలి మనిషిని కోసేస్తోంది! ఎటు పోనివ్వమంటారు?”

“నది దారే” అంది ఒటీలియ, తన ఒట్టు మరిచిపోయి. “అన్నయ్యా, కొండ వద్దు. ఆ గాలికి ఆయన బతకరు.”

“నది దారిలో పోతే పటాలం వెనకాలే పోతాం. అందుకోలేం.”

“నాకు తెలుసు! అయినా వద్దు!”

వోల్ఫ్రాం తండ్రి వైపు తిరిగాడు. రాజుగారి పెదవులు ఒక్కసారి కదిలాయి. ఒక్కటే మాట. అతను చెల్లెలి వైపు చూడలేదు. మళ్ళీ చెప్పమని అడగలేదు.

కిటికీ అద్దం దించాడు. చలి కత్తిలా లోపలికొచ్చింది.

“కొండమీంచి!” అని అరిచాడు. “కొండమీంచే తోలు!”

ఒటీలియ తన శాలువా విప్పి తండ్రి మెడ చుట్టూ చుట్టి, గాలి తగలకుండా రెండు చేతులూ దోసిలిలా ఆ గొట్టానికి ముందు పెట్టి కూర్చుంది. గుర్రాలు ఒక్కసారి సకిలించి, మంచులోకి పైకెక్కడం మొదలుపెట్టాయి.